చలి రాత్రులకు మూతగల పోత ఇనుప మూకుడు: రెండు నెలల వాడకం తరువాత

ఆదిలాబాద్‌లో డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపునకు దిగిపోవడం మాకు అలవాటే. అటువంటి పూట అన్నం వండి, కూర చేసి, చారు కాచి, ఆ గిన్నెలన్నీ చన్నీళ్లతో తోముకోవడం కన్నా, ఒకే పాత్రలో వండి పొయ్యి మీది నుంచి నేరుగా పళ్లాల్లోకి వడ్డించుకునే వంట మీదికే మనసు పోతుంది. మా ఇంట్లో దీనికి మరో నియమం కూడా తోడైంది. పదకొండేళ్ల మా పెద్దమ్మాయికి సీలియాక్ వ్యాధి ఉన్నట్లు రెండేళ్ల కిందట తేలింది. గోధుమ, బార్లీ వంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ ఒంట్లోకి వెళ్తే, ఈ వ్యాధి ఉన్నవారి రోగనిరోధక వ్యవస్థే వారి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. జీవితాంతం గ్లూటెన్ లేని ఆహారం తినడమే దీనికి చికిత్స. ఈ రెండు అవసరాలూ ఒక్క పాత్రతో తీరతాయన్న ఆశతో నవంబరు చివర్లో పది అంగుళాల పోత ఇనుప మూకుడును, అదే లోహంతో చేసిన మూతతో సహా, ఆన్‌లైన్‌లో 2,150 రూపాయలకు కొన్నాను. ఈ తరహా మూకుళ్లను ఇప్పుడు చాలా కంపెనీలు దాదాపు ఒకే తీరున అమ్ముతున్నాయి కాబట్టి, కంపెనీ పేరు కన్నా పాత్ర తీరు గురించి చెప్పడమే కొనేవారికి ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

ఇంట్లో పాత ఇనుప పెనమూ, బాండీ ఉండగా కొత్తది ఎందుకని మా వారు అడిగారు. పదిహేనేళ్లుగా చపాతీలు కాలిన పెనం అది. ఇనుప పాత్ర మీద కాలక్రమేణా పేరుకునే నల్లని నూనె పొరే దానికి ప్రాణం. ఆ పొరను గీకి తీసివేస్తే మళ్లీ మొదటి నుంచి పట్టించాలి, తీయకపోతే అందులో ఇరుక్కున్న గోధుమ పిండి పోయిందని నమ్మడానికి వీల్లేదు. గ్లూటెన్ రహితమని చెప్పుకునే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని మన దేశపు ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిబంధన. ఇరవై మిల్లీగ్రాములంటే చిటికెడు పిండి కూడా కాదు. అందుకే గోధుమ ఎన్నడూ తాకని పాత్ర ఒకటి ఇంట్లో విడిగా ఉండాలని నిశ్చయించుకున్నాను.

మూకుడు వచ్చిన తీరు మాత్రం ఏమంత సంతోషం కలిగించలేదు. మూత లేకుండానే రెండున్నర కిలోలు, మూతతో కలిపి నాలుగు కిలోల పైన తూగే వస్తువును ఒక్క వరుస బుడగల కవరులో చుట్టి, పలుచని అట్టపెట్టెలో పంపారు. పోత ఇనుముకు పెళుసుదనం ఎక్కువ. మామూలు ఇనుప బాండీ కింద పడితే సొట్ట పోతుంది, ఇది పడితే పగులుతుంది. మా మూత అంచున చిటికెన వేలి గోరంత ముక్క ఊడిపోయి వచ్చింది. ఫొటోలు పంపగా మారు మూత పంపించారు గానీ, అందుకు తొమ్మిది రోజులు పట్టింది. పైగా పెట్టె మీద 'ముందే సీజనింగ్ చేసినది, వెంటనే వాడవచ్చు' అని (అంటే ఆ నూనె పొరను ముందే పట్టించామని) రాసి ఉన్నా, మొదటి రోజు వేసిన గుడ్డట్టు అడుగున సగం అంటుకుపోయింది. ఆ తరువాత కడిగి, పొడిగా తుడిచి, వేరుశెనగ నూనెను గుడ్డతో పలుచగా రాసి, పొగ వచ్చేదాకా కాల్చి చల్లార్చడం నాలుగు సార్లు చేశాకే అది నిజంగా వాడకానికి వచ్చింది. ఈ పనికి ఒక ఆదివారం పూర్తిగా పోతుందని కొనేవారు ముందే లెక్కలో వేసుకోవాలి.

ఇక అసలు పరీక్ష దిబ్బ రొట్టెతో పెట్టాను. నాది గోదావరి జిల్లా పుట్టిల్లు కావడం వల్ల, చలికాలపు రాత్రి అనగానే నాకు ముందుగా గుర్తొచ్చేది అదే. మినప్పప్పు, బియ్యపు రవ్వ తప్ప మరో ధాన్యం పడని ఈ రొట్టె పుట్టుకతోనే గ్లూటెన్ లేనిది. ఇడ్లీ పిండి పులియనని మొరాయించే చలిలో దీనికి పులియబెట్టే అవసరం కూడా లేకపోవడం మరో సౌకర్యం: పప్పు నాలుగు గంటలు నానితే చాలు, సాయంత్రం రుబ్బి రాత్రికే కాల్చుకోవచ్చు. గ్లాసు మినప్పప్పును తక్కువ నీళ్లతో గట్టిగా, మెత్తగా రుబ్బి, గంటసేపు నానబెట్టి పిండేసిన రెండు గ్లాసుల రవ్వను, ఉప్పును, చెంచాడు జీలకర్రను కలిపితే ఈ పది అంగుళాల మూకుడుకు సరిపోతుంది. నలుగురికి కడుపు నిండుతుంది. రవ్వ దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. కిరాణా కొట్టులో విడిగా అమ్మే ఇడ్లీ రవ్వ డబ్బా పక్కనే గోధుమ రవ్వ డబ్బా ఉంటుంది, రెండింటిలోనూ తిరిగేది ఒకటే గరిటె. అందువల్ల నేను బియ్యాన్ని కడిగి, నీడలో ఆరబెట్టి, ఇంట్లోనే మిక్సీలో రవ్వగా పట్టుకుంటాను.

మొదటి రొట్టె చెడింది. చిన్న బర్నరు మీద మూకుడు పెట్టి, అలవాటు కొద్దీ నూనె వేడెక్కగానే పిండి వేసేశాను. ఇరవై నిమిషాల తరువాత చూస్తే నడుమ అరచేయంత మేర నల్లగా మాడి ఉంది, అంచులేమో తెల్లగా, పచ్చిగా ఉన్నాయి. లోపం సగం నాది, సగం లోహానిది. పోత ఇనుము వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది గానీ, అల్యూమినియంలా వేడిని చప్పున నలుమూలలకూ పాకనివ్వదు. సెగ ఎక్కడ తగిలితే అక్కడే ముందు కాలుతుంది. రెండోసారి ఖాళీ మూకుడును సన్నని సెగ మీద ఎనిమిది నిమిషాలు ఉంచి, నాలుగు గరిటెల నూనె పోసి, పిండిని రెండంగుళాల మందాన పరిచి, మూత పెట్టి, ప్రతి ఆరేడు నిమిషాలకు మూకుడును పావు వంతు తిప్పుతూ వచ్చాను. ఇరవై ఐదు నిమిషాలకు అంచులు గోడను వదిలి, నూనె చుట్టూ సన్నగా బుడబుడలాడింది. అట్లకాడ కిందికి జొనిపితే, అడుగు పెచ్చు తాటాకు మీద గోరుతో గీసినట్లు గరగరమని చప్పుడు చేసింది.

సంక్రాంతికి వచ్చిన మా అమ్మ ఆ పెచ్చును విరిచి చూసి, "అడుగు బాగానే కాలింది గానీ అమ్మాయ్, పైన నిప్పులు లేని లోటు తెలుస్తోంది" అన్నది. ఆవిడ చిన్నతనంలో మూత మీద కూడా నిప్పులు పోసేవారు. ఆ మాటతో నాకు ఈ మూకుడు అసలు విలువ తెలిసింది. మూత కూడా పోత ఇనుమే కాబట్టి, దాన్ని పక్క పొయ్యి మీద ఐదు నిమిషాలు విడిగా కాల్చి, పట్టకారుతో, మందపాటి గుడ్డ సాయంతో తెచ్చి రొట్టె మీద మూసాను. గాజు మూతగానీ, స్టీలు మూతగానీ ఈ పని చేయలేవు. మూత లోపల ఆవిరి నీళ్లయి కారి రొట్టెను నానబెట్టే బెడద పోయింది. తిరగేయకుండానే పైభాగం కూడా లేత గోధుమ రంగుకు వచ్చింది. (ఈ ఇంట్లో గోధుమ మిగిలింది ఇక ఆ రంగు పేరులోనే.) బయట కరకర, లోపల దూదిలాంటి మెత్తదనం, పక్కన గోరువెచ్చని బెల్లం పానకం, కాస్త ఆవకాయ: అది ఒక పథ్యపు భోజనమని ఆ రాత్రి మా అమ్మాయికి తోచి ఉండదు. మా అందరికీ అదే భోజనం. చివరి పెచ్చు కోసం అక్కాచెల్లెళ్లు తగవు పడ్డారు కూడా.

అత్తగారి వైపు వంట సర్వపిండి. గిన్నెలో చేస్తారు కాబట్టి దాన్ని గిన్నప్ప అనీ అంటారు. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, కారం కలిపిన ముద్దను నూనె రాసిన గిన్నెకు చేత్తో అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి కాలుస్తారు. ఇదీ పుట్టుకతో గ్లూటెన్ లేనిదే, పిండి గిర్నీ నుంచి రానంత వరకు. మన ముందు గోధుమలు పట్టిన రాళ్ల మధ్య నుంచే మన బియ్యం కూడా వస్తుందన్న సంగతి మరవరాదు. మొదటి సర్వపిండి ఈ మూకుడులో అద్భుతంగా వచ్చింది. చిక్కంతా రెండో దానితోనే. ముద్దను అద్దాలంటే గిన్నె చల్లారి ఉండాలి. మామూలు గిన్నెను మా అత్తయ్య బోర్లించి నీళ్లు చల్లి రెండు నిమిషాల్లో చల్లారుస్తారు. పోత ఇనుము మీద వేడిగా ఉండగా చన్నీళ్లు పోస్తే పగిలిపోయే ప్రమాదం ఉంది. దానంతట అది చల్లారాలంటే, గడియారం చూసి చెబుతున్నాను, అరగంట పైన పడుతుంది. "గిన్నె చల్లారేలోపు మనం చల్లారిపోతాం" అని అత్తయ్య తేల్చేశారు. తడి గుడ్డ మీద పలుచగా అద్ది తెచ్చి వేడి మూకుడులో బోర్లించే పద్ధతి పనిచేస్తుంది గానీ, అంచులు విరుగుతాయి. నలుగురికి సర్వపిండి చేయాలనుకునేవారికి ఒక్క పోత ఇనుప మూకుడు చాలదు.

కూరగాయలు దండిగా వేసిన కొర్రల కిచిడీ కూడా నాలుగైదు సార్లు వండాను. గంటసేపు నానిన కొర్రలు, పెసరపప్పు, క్యారెట్, చిక్కుడు గింజలు, అల్లం, మిరియాలు నేతిలో వేగిన తరువాత నీళ్లు పోసి మూత పెడితే అరగంటలో మెత్తగా ఉడుకుతుంది, బల్ల మీద పెట్టిన తరువాత కూడా చాలాసేపు వేడి తగ్గదు. పోపులో ఇంగువ వేసేవారు డబ్బా మీది పదార్థాల జాబితా చదవాలి. బజారులో దొరికే పొడి ఇంగువల్లో చాలావాటిలో గోధుమ పిండి కలుస్తుంది. మేము దాదాపు ఏడాది పాటు ఆ ఒక్క చిటికెడునే పట్టించుకోలేదు. కిచిడీలో టమాటా, చింతపండు పడకుండా చూసుకోవడం మంచిది. ఒకసారి టమాటాలు వేస్తే రుచిలో ఇనుము తగిలింది, నెల రోజులుగా పేరుకున్న నల్లని పొర అడుగున మచ్చలు మచ్చలుగా లేచిపోయింది. మిగిలిన కిచిడీని రాత్రంతా అందులోనే వదిలినా అంతే.

ఇనుప పాత్రలో వండితే రక్తహీనత తగ్గుతుందని అమ్మేవారు గట్టిగా ప్రచారం చేస్తున్నారు. సీలియాక్ ఉన్నవారిలో ఇనుము లోపం తరచుగా కనిపిస్తుంది కాబట్టి ఆ మాట నన్నూ ఆకర్షించింది. వంటలోకి కొంత ఇనుము దిగడం నిజమే. పుల్లని వంటల్లో అది ఎక్కువగా దిగుతుంది, కానీ పైన చెప్పినట్లు ఆ పులుపే మూకుడును పాడుచేస్తుంది. డాక్టరు రాసిన మాత్రలకు ఇది బదులు కాదని గుర్తుంచుకుంటే చాలు.

ఇక చెప్పుకోవలసిన లోపం చెవులది. రెండు చెవులూ మరీ పొట్టిగా, మూడు వేళ్లు మాత్రమే పట్టేలా ఉన్నాయి. వంటతో నిండినప్పుడు ఐదు కిలోలు దాటే పాత్రను, చెవులు కూడా కాలిపోతూ ఉండగా, గుడ్డ చుట్టిన మూడు వేళ్లతో దించడం సురక్షితం కాదు. నేను ఇప్పటికి రెండు సార్లు మణికట్టు కాల్చుకున్నాను. మా అత్తయ్య దీన్ని ఎత్తనే లేరు. పెద్దవారు వంట చేసే ఇళ్లకు ఈ కొలతను నేను సిఫారసు చేయను. కడిగిన తరువాత గుడ్డతో తుడిచి ఊరుకుంటే సరిపోదు, పొయ్యి మీద ఒక నిమిషం ఉంచి తడి పూర్తిగా ఆరాక చుక్క నూనె రాయాలి. ఒక రాత్రి బద్ధకించినందుకు తెల్లారేసరికి అంచు చుట్టూ కందిపప్పు రంగు తుప్పు కనిపించింది.

ఇన్ని చెప్పినా, మూత కోసమైనా దీన్ని కొనవచ్చనే నా అభిప్రాయం. మూత లేకుండా 1,300 రూపాయలకు అమ్ముతున్న అదే కొలత మూకుడును తీసుకుంటే దిబ్బ రొట్టెకు సగం ప్రయోజనం పోతుంది. పోయిన వారం మరొకటి తెప్పించాను: ఎనిమిది అంగుళాలది, చెవులు కాస్త పెద్దవి, మూత లేనిది. మొదటి సర్వపిండి పెద్ద మూకుడులో కాలుతుండగా, రెండోది అద్దడానికి అది చల్లగా సిద్ధంగా ఉంటుంది.