ఊడొచ్చే బ్యాటరీ కోసం పాత మోడల్ కొన్నాను

టాప్ స్పీడు, యాప్, రంగుల సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి. నేను రాసేది నా ఎలక్ట్రిక్ స్కూటర్‌లో ఒక్క బ్యాటరీ గురించే.

కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో అద్దెకుంటాం. కింద పార్కింగ్‌లో ప్లగ్గు పెట్టుకుంటానంటే, కామన్ మీటరు బిల్లు ఎవరు కట్టాలని అసోసియేషన్‌లో పంచాయితీ. నా బడ్జెట్‌కి అందిన కొత్త మోడళ్లన్నిటిలో బ్యాటరీ బండికే బిగించి ఉంది. అందుకే షోరూంలో మిగిలిపోయిన పాత మోడల్ తీసుకున్నాను. సీటెత్తి, తాళం తిప్పి, పిడి పట్టుకుని బ్యాటరీని ఇంటికి తెచ్చేసుకోవచ్చు. ఆ సుఖానికి పడిపోయి మొదటి ఏడాదంతా కనిపించిన ప్రతివాళ్లకీ ఇదే కొనమన్నాను. పది కిలోల పైచిలుకు బరువని చెప్పడం ఎందుకో గుర్తు రాలేదు. లిఫ్టు చెడిపోయిన రోజు మా ఆవిడ ఆ బండి జోలికే వెళ్లదు.

రెండో వానాకాలంలో భరత్‌నగర్ బ్రిడ్జి ఎక్కుతుండగా డిస్‌ప్లే ఆరిపోయింది. సాయంత్రం ట్రాఫిక్, సన్నటి జల్లు, వెనక బస్సు హారన్. బ్యాటరీ ఊడదీసి, తుడిచి, మళ్లీ పెడితే లేచింది. వంద గజాలు పోయి మళ్లీ చచ్చింది. ఈసారి సీటెత్తితే కాలిన ప్లాస్టిక్ వాసన. ఎవరో బైకబ్బాయి వెనక ఫుట్‌రెస్టుకి కాలానించి ఎర్రగడ్డ దాకా తోశాడు, పేరైనా అడగలేదు.

బ్యాటరీకి ఏమీ కాలేదు. కాలింది కప్లర్, అంటే బ్యాటరీని బండి వైర్లకి కలిపే ప్లగ్గు. రోజూ తీసి పెట్టడంతో పిన్నుల పట్టు వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి పట్టు ఇంకా వదులవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది కాబట్టి సరిగ్గా బ్రిడ్జి మీదే కరిగింది. షోరూం వాళ్లేమో వైరింగ్ సెట్టు మొత్తం మార్చాలి, ఆ మోడల్ ఆగిపోయింది కాబట్టి తెప్పించడానికి నెల పడుతుందన్నారు. చివరికి మూసాపేటలో ఈవీ బళ్లు బాగుచేసే కుర్రాడు దళసరి పిన్నుల కప్లర్ వేసిచ్చాడు. అది ఇప్పటికీ బాగానే ఉంది. వారానికోసారి పిన్నులు నల్లబడ్డాయేమో చూడడం మాత్రం అలవాటైపోయింది.

ఇంకో మాట. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ పేలి ప్రాణాలు తీసింది ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టిన బ్యాటరీలే. అంటే నేను మెచ్చుకుంటున్న సౌకర్యంలోనే ప్రమాదమూ ఉంది. ఆ తర్వాత ఇలాంటి బళ్ల బ్యాటరీలకి వర్తించే ఏఐఎస్ 156 అనే భద్రతా నిబంధనలు 2022 డిసెంబరులో ఒక విడత, 2023 మార్చి ఆఖరున రెండో విడత కఠినమయ్యాయి. పాత మోడల్ కొనేవాళ్లు ధర కంటే ముందు తయారీ తేదీ అడగండి. నాది 2023 మేలో తయారైంది కాబట్టే ధైర్యం చేశాను. అయినా బాల్కనీలోనే పెడతాను, రాత్రి పడుకునే ముందు తీసేస్తాను. స్టాకులో ఏళ్లతరబడి పడున్న బ్యాటరీ వాడకపోయినా వయసు మీద పడుతుంది, అదీ లెక్కేసుకోవాలి.

కేంద్రం సబ్సిడీ బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో కిలోవాట్ అవర్‌కి 15,000 రూపాయల నుంచి 2023 జూన్‌లో 10,000కి, 2024 ఏప్రిల్‌లో 5,000కి దిగింది. కొత్తవి ఖరీదనిపించడానికి అదొక కారణం. కానీ తెలంగాణలో 2024 నవంబరులో వచ్చిన విధానంతో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ అయ్యాయి. అందుకని పాత స్టాకు మీద ఐదారు వేలు తగ్గిస్తామంటే ఇప్పుడైతే నేను కదలను. పాతిక వేల తేడా ఉంటే ఆలోచిస్తాను.

ఖమ్మంలో మా బావమరిదికి సొంత ఇల్లు, వరండాలోనే ప్లగ్గు. బిగించిన బ్యాటరీ ఉన్న కొత్త మోడల్ కొన్నాడు. బండి ఆపి వైరు గుచ్చి లోపలికి పోతాడు, కప్లర్ అనే మాటే అతనికి తెలీదు. అతని స్థితిలో ఉన్నవాళ్లకి నా బండి చెప్పను. నాకు మాత్రం ఈ ఫ్లాటులో ఉన్నన్నాళ్లూ ఇదే. ఓనరు కింద పాయింటు ఇప్పిస్తే అమ్మకానికి పెడతాను, కప్లర్ మార్చిన సంగతి కొనేవాళ్లకి చెప్పే అమ్ముతాను.