ఫ్రెండ్స్‌తో ఆఫ్‌రోడ్: బండికి దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది?

తిరుపతి చుట్టుపక్కల థార్‌లు, జిమ్నీలు పెరిగినప్పటి నుంచి నన్ను అందరూ అడిగేది ఒకటే. "అన్నా, మావాడు నా బండి తీసుకుని గుట్ట ఎక్కిస్తూ బంపర్ వంచేశాడు. డబ్బులు అడిగితే బాగుంటుందా?" బంపర్ వంగాక ఎలా అడిగినా బాగుండదు. తాళాలు చేతికివ్వక ముందే మాట అనుకోవాలి.

మనవాళ్ళలో మూడు పద్ధతులు నడుస్తున్నాయి. ఎవరి బండి ఖర్చు వాళ్ళదే అనేది ఒకటి. స్టీరింగ్ పట్టుకున్నవాడే కట్టాలనేది రెండోది. అందరూ తలా ఇంత వేసుకోవడం మూడోది.

తలా ఇంత అనేది డీజిల్‌కీ బిర్యానీకీ బాగానే పనికొస్తుంది, రిపేరుకి పనికిరాదు. ఒకడిది పాత జీపు, ఇంకొకడిది నిన్నగాక మొన్న షోరూం నుంచి దిగిన థార్. ఒకడు షెడ్డులో టింకరింగ్ చేయిస్తే చాలంటాడు, ఇంకొకడికి కంపెనీ బంపరే కావాలి. బిల్లు వచ్చేదాకా అందరూ అన్నదమ్ములే.

నడిపినవాడే కట్టాలన్నది వినడానికి న్యాయంగా ఉంటుంది. చట్టం మాత్రం అంత సూటిగా చెప్పదు. స్నేహితుడి బండి అడిగి తీసుకుంటే అది 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం కిందికి వస్తుంది. మామూలు మనిషి సొంత వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలంటుంది 151వ సెక్షన్. అంత జాగ్రత్తగా నడిపినా దెబ్బ తగిలితే, ముందే వేరే ఒప్పందం లేనప్పుడు, నడిపినవాడి బాధ్యత లేదంటుంది 152. "ఎండిన చెరువులో తిప్పుకో, వంకలోకి మాత్రం దించొద్దు" అని చెప్పి ఇచ్చాక దించాడా, 154 ప్రకారం నష్టం కట్టాల్సిందే. ఓనరుకీ ఒక మెలిక ఉంది. బ్రేకులో లోపం ఉందని తెలిసీ చెప్పకుండా ఇస్తే, దానివల్ల తీసుకున్నవాడికి జరిగే నష్టం 150 ప్రకారం ఓనరు మీదే పడుతుంది. ఆదివారం సరదా కోసం కోర్టుకి ఎవరూ పోరనుకోండి. అయినా రచ్చబండ దగ్గర పెద్దమనుషులు చెప్పినా దాదాపు ఇదే చెప్తారు.

ఇదంతా కంటికి కనిపించే దెబ్బ సంగతి. నడిపినవాడే కట్టాలనే పద్ధతిని నేను ఒప్పుకోనిది కనిపించని దెబ్బ దగ్గర.

స్వర్ణముఖి ఇసుకలో కూరుకుపోతే కొత్తవాడు హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగం తొక్కిపెట్టి, రేజ్ చేస్తాడు. కాలిన వాసన వస్తుంది, కాసేపటికి పోతుంది, దాంతో అందరూ మర్చిపోతారు. కొన్నాళ్ళకి భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తుంది, బండి లాగదు. ఆ క్లచ్ ప్లేట్ ఎవరు కాల్చినట్టు? ఆ రోజు నడిపినవాళ్ళలో ఒకడా, అంతకుముందు ఎన్నోసార్లు తిప్పిన ఓనరా?

నీళ్ళ దగ్గరా ఇంతే. వేడెక్కిన డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో చక్రాలకి శక్తి పంచే గేర్ల డబ్బా) ఒక్కసారిగా చల్లటి వంక నీళ్ళలోకి దిగితే లోపలి గాలి కుంచించుకుంటుంది. దానికి గాలి ఆడే బ్రీదర్ గొట్టం మూసుకుపోయి ఉన్నా, సీల్ అరిగి ఉన్నా ఆ లాగుడుకి నీళ్ళు లోపలికి వస్తాయి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకి తిరుగుతుంది. విప్పి చూసేదెవరు? బేరింగ్ శబ్దం మొదలయ్యాక గానీ షెడ్డుకి పోము. అప్పుడు ఎవడికి ఫోన్ చేసి అడిగినా "నేను దిగేటప్పుడు బాగానే ఉంది కదన్నా" అంటాడు. వాడి మాటా అబద్ధం కాదు.

అందుకే నా ఓటు మొదటి పద్ధతికే: ఎవరి బండి ఖర్చు వాళ్ళదే. అయితే ఖర్చు ఓనరుదైనప్పుడు "వద్దు" అనే హక్కూ పూర్తిగా ఓనరుదే. "ఏం కాదులే మచ్చా, పోనీ" అని వెనక సీట్లోంచి ఎగదోసేవాడికి పైసా నష్టం లేదు కాబట్టి వాడి మాటకి విలువ ఇవ్వక్కర్లేదు. అయినా స్టీరింగ్ ఇవ్వాలనిపిస్తే బయలుదేరే ముందు నాలుగు వైపులా, ఇంజిన్ కింద కాపుగా ఉండే సంప్ గార్డ్‌కీ ఫోటోలు తీసి గ్రూపులో పెట్టండి. వాడు దిగేలోపు కంటికి కనిపించిన దెబ్బ వాడిది, తర్వాత బయటపడేదంతా మీది. ఇది ఒప్పుకోనివాడికి తాళాలు ఇవ్వొద్దు, ఫ్రెండ్ అయినా సరే.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. 1500 సీసీ దాటిన కారుకి ప్రతి క్లెయిమ్‌లో 2000 రూపాయలు, ఆ లోపు అయితే 1000 మీ జేబులోంచే పోతుంది. ఐదేళ్ళు క్లెయిమ్ లేకుండా తెచ్చుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు), దానికి విడిగా కవర్ తీసుకోకపోతే, సున్నా అవుతుంది. నీళ్ళు లాగి ఇంజిన్ పోతే ఇంజిన్ ప్రొటెక్ట్ అనే విడి కవర్ లేనిదే ఆశ పెట్టుకోవద్దు. నడిపినవాడికి లైసెన్స్ లేకపోతే ఆ క్లెయిమ్ మాట మర్చిపోవచ్చు. సెల్ఫ్‌డ్రైవ్ అద్దె బండా? అగ్రిమెంట్ చదవండి, మీకే తెలుస్తుంది.

శేషాచలం వైపు మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. శ్రీ వెంకటేశ్వర నేషనల్ పార్కులోకి అనుమతి లేకుండా బండి తీసుకెళ్తే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు, బండినీ పట్టుకోవచ్చు.

మిగిలింది రికవరీ. మీ బండి ఇరుక్కుంటే లాగడానికి వచ్చినవాడి బండికి ఏమైనా అయితే ఆ ఖర్చు మీరే పెట్టుకోవాలి, వాడు వచ్చింది మీ కోసం. తాడు ఎక్కడ తగిలించాలో మీ బండికి మీరే చూపించాలి. ఛాసిస్‌కి బిగించిన టో హుక్ వదిలేసి మీ బంపర్‌కి కట్టించుకుంటే, అది ఊడొస్తే, లాగినవాడిని ఏమీ అనొద్దు. రెండు బండ్లూ చేతులెత్తేసి పక్క ఊరి ట్రాక్టర్‌ని పిలిచారా, ఆ కిరాయి మాత్రం తలా ఇంత.