చెరువుకి డీవో అలారం పెట్టె కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఒక్కసారి యాంటెనా పీకి చూడండి

రొయ్యల చెరువులో డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోతే ఫోను మోగించే అలారం పెట్టె కొందామని తిరుగుతున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. మేం కొన్నాం. పెట్టెకి 38,000, ఆ పైన నెలకి 600 చందా. మే నెలలో ఒకే రాత్రి దెబ్బకి దాదాపు 400 కిలోల రొయ్య పోయింది. సెన్సర్ బాగానే ఉంది, బ్యాటరీ నిండుగా ఉంది, పెట్టెలోకి చుక్క నీరు పోలేదు. లోపల ప్రోగ్రాం రాసినవాళ్లు సాకెట్ (నెట్ మీద మెసేజ్‌లు పంపే, అందుకునే కొస) ఆప్షన్లు సరిగ్గా పెట్టలేదు, అంతే. అమ్మినవాళ్ల పేరు రాయను. ఇలాంటి పెట్టెలే వేరే వేరే స్టిక్కర్లతో తిరుగుతున్నాయి, కాబట్టి పేరు చూసి కాదు, పని చూసి కొనాలి.

మా చెరువులు ఆకివీడు దగ్గర. నాన్న చూసుకుంటారు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెట్టె కొనమని పోరింది నేనే, అది ముందే ఒప్పుకుంటున్నాను. అంతకుముందు నాన్న గానీ, కాపలా ఉండే సూరిబాబు గానీ రాత్రి ఒంటిగంటకి, మూడింటికి, అయిదింటికి లేచి చేతి మీటర్‌తో డీవో చూసేవాళ్లు. వనామీ రొయ్య పెంచేవాళ్లకి చెప్పక్కర్లేదు, తెల్లవారుజాము గండం ఎలాంటిదో. పగలు ఎండకి నీటిలోని పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే పచ్చదనం రొయ్యతో పాటు తనూ పీల్చుకుంటుంది. నాలుగు, అయిదు గంటల మధ్య అడుగంటుతుంది. నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నంతసేపు పర్వాలేదు, కరెంటు పోయి అవి ఆగితే మాత్రం ఎక్కువ టైం ఉండదు.

పెట్టె వచ్చాక ఆ లేవడాలు మానేశారు. "ఫోను మోగుద్ది కదా" అని.

ఆ రాత్రి గాలివాన. రెండు గంటల ప్రాంతంలో కరెంటు పోయింది. వాన చప్పుడులో ఏరియేటర్లు ఆగిన సంగతి సూరిబాబుకి తెలియలేదు. మూడింటికి నాన్నకి మెలకువ వచ్చి ఫోన్ చూశారు. 5.1, పక్కన ఆకుపచ్చ చుక్క. మళ్లీ పడుకున్నారు. నాలుగున్నరకి సూరిబాబు ఇంటికి ఫోన్ చేసి, "అయ్యగారూ, రొయ్య గట్టు పక్కకి తేలిపోతోందండీ" అన్నాడు. పరిగెత్తుకెళ్లి చేతి మీటర్ ముంచితే 1.8. జనరేటర్ వేసి, ఆక్సిజన్ గుళికలు చల్లి, తెల్లారేదాకా నీళ్లలోనే ఉన్నారు. అప్పుడు, 4 గంటల 51 నిమిషాలకి, గట్టు మీద పెట్టిన ఫోను మోగడం మొదలుపెట్టింది. డీవో ప్రమాదకరం, వెంటనే ఏరియేటర్ వేయండి అని.

నాన్న నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగారు: "ఒరేయ్ చిన్నోడా, మూడింటికి అయిదు పాయింట్ ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?"

అది ఒంటిగంట యాభై రెండు నిమిషాలప్పటి లెక్క. అక్కడే గడ్డకట్టుకుపోయి తెర మీద నిలబడింది.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, "సార్, టవర్ పోయింది, నెట్‌వర్క్ సమస్య, మా చేతిలో లేదు" అన్నారు. టవర్ పోయిన మాట నిజమే. కానీ నెట్‌వర్క్ పోతుందని తెలిసే కదా అలారం కొనేది? గాలివాన రాత్రి పనిచేయని అలారం పగలు నాకెందుకు? పైగా కొనేటప్పుడు ఇదే మనిషి మా వరండాలో కూర్చుని డెమో ఇచ్చాడు. ల్యాప్‌టాప్‌లోంచి పెట్టెలో ప్రోగ్రాం ఆపాడు, రెండు సెకన్లలో మా ఫోన్లో ఎర్రగా "ఆఫ్‌లైన్" అని వచ్చింది. నేనూ తలూపాను. పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, అక్కడ పట్టుకోలేకపోయాను.

ప్రోగ్రాంని మర్యాదగా ఆపితే అది పోతూ పోతూ అవతలివాడికి "నేను వెళ్తున్నాను" అని చెప్పి పోతుంది. టీసీపీలో, అంటే నెట్ మీద రెండు యంత్రాలు లైను కట్టుకునే పద్ధతిలో, దానికో ముగింపు ప్యాకెట్ ఉంది. సర్వర్‌కి వెంటనే తెలుస్తుంది. టవర్ కరెంటు పోతే ఆ మాట చెప్పేవాడు ఎవడూ ఉండడు. చెప్పి వెళ్లిన చుట్టం వేరు, చెప్పకుండా మాయమైనవాడు వేరు. సర్వర్ వైపు ఆ లైను ఇంకా బతికున్నట్టే కనిపిస్తుంది. డెమోలో చూపించింది మొదటి రకం, చెరువు దగ్గర జరిగేది రెండో రకం.

తర్వాతి శనివారం ఊరెళ్లి పెట్టె విప్పి, మెమరీ కార్డు నా ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాను. "మా సొంత మెసేజింగ్ ఇంజిన్" అని కరపత్రంలో వేసుకున్నది జీరోఎంక్యూ. ప్రోగ్రాంల మధ్య మెసేజ్‌లు పంపడానికి ఎవరైనా ఉచితంగా దింపుకోగలిగే రెడీమేడ్ కోడ్ (లైబ్రరీ). వాడటం తప్పు కాదు, నేనూ వాడతాను, చాలా మంచిది. దీన్ని పట్టుకుని జీరోఎంక్యూని తిట్టకండి. ఇప్పుడు చెప్పబోయే ప్రతి ఆప్షనూ దాని మాన్యువల్‌లో ఉంది. కాకపోతే వాటి డీఫాల్ట్‌లు (మనం ఏమీ పెట్టకపోతే ఉండే విలువలు) చెరువు గట్టు మీద సిమ్ కార్డుతో బతికే పెట్టె కోసం పెట్టినవి కావు, వాడేవాడు చూసి మార్చుకోవాలి.

పెట్టెలో పంపే పబ్ సాకెట్, సర్వర్‌లో అందుకునే సబ్ సాకెట్. పది సెకన్లకోసారి డీవో, వేడి, పీహెచ్ వరసగా మూడు మెసేజ్‌లు పంపుతుంది. పబ్ అంటే మైకులో చెప్పడం లాంటిది, విన్నారా లేదా అని అది అడగదు. ఆ సాకెట్‌కి పెట్టిన ఆప్షన్లు రెండే రెండు.

ఒకటి టీసీపీ కీప్‌అలైవ్, అంటే చప్పుడు లేని లైను బతికుందో లేదో తట్టి చూసే ఏర్పాటు. ఆహా, పెట్టారే అనుకున్నాను. తర్వాత వరస చూశాను. ముందు లైన్లో కనెక్ట్ (అవతలివాడికి లైను కట్టే ఆజ్ఞ), దాని కింది లైన్లో కీప్‌అలైవ్. జీరోఎంక్యూలో సబ్‌స్క్రైబ్, లింగర్ లాంటి కొన్ని తప్ప మిగతా ఆప్షన్లన్నీ ఆ తర్వాత చేసే కనెక్ట్‌కి, బైండ్‌కి (వచ్చే లైన్ల కోసం తలుపు తెరిచి కూర్చోవడం) మాత్రమే వర్తిస్తాయి. అప్పటికే కట్టిన లైనుకి అంటవు. ఎర్రర్ కూడా రాదు, ఆప్షన్ తీసుకున్నానని తలూపుతుంది. పెళ్లయిపోయాక ముహూర్తం పెట్టించినట్టు. పోనీ పైన పెట్టారే అనుకుందాం, కీప్‌అలైవ్ ఆన్ చేసి ఊరుకుంటే చాలదు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టం మామూలు లెక్క ప్రకారం ఉలుకూ పలుకూ లేని లైనుని 7200 సెకన్ల తర్వాత మొదటిసారి తట్టి చూస్తుంది, ఆ పైన 75 సెకన్లకోసారి 9 సార్లు. అంటే అవతలివాడు పోయాడని తేలేసరికి 2 గంటల 11 నిమిషాలు. రొయ్యకి అంత టైం లేదు. ఐడిల్ (మొదట తట్టే ముందు ఆగే టైం), ఇంటర్వెల్ (తట్టుకీ తట్టుకీ మధ్య టైం), కౌంట్ (ఎన్నిసార్లు) మూడూ విడివిడిగా తగ్గించాలి.

రెండోది కాన్‌ఫ్లేట్. క్యూలో ఆఖరి మెసేజ్ ఒక్కటే ఉంచి పాతవన్నీ పారేసే ఆప్షన్ ఇది. ఒకే ఒక్క సెన్సర్ ఉంటే, తాజా లెక్క ఒక్కటి చాలనుకుంటే బాగుంటుంది. ఇక్కడ మూడు సెన్సర్లూ ఒకే సాకెట్ మీద వెళ్తున్నాయి. నెట్ మందగించినప్పుడల్లా ముందు వెళ్లే డీవోని వెనకొచ్చిన వేడి తోసేస్తుంది, వేడిని పీహెచ్ తోసేస్తుంది. మొదటివారం నుంచీ పీహెచ్ గీత నున్నగా, డీవో గీత పళ్లూడిన దువ్వెనలా ఎందుకుందో అప్పుడు అర్థమైంది. సెన్సర్ కడగమని వాళ్లు చెబితే సూరిబాబు మూడుసార్లు కడిగాడు పాపం. టవర్ తిరిగొచ్చాక ఆ మూడు గంటల లెక్కలు ఎందుకు రాలేదంటే కారణం ఇదే. పెట్టె వాటిని దాచుకోనే లేదు. ఇది లేకపోయినా క్యూకి హై వాటర్ మార్క్ అని 1000 మెసేజ్‌ల డీఫాల్ట్ హద్దు ఉంది, అది దాటితే పబ్ సాకెట్ నోరెత్తకుండా కొత్తవి పారేస్తుంది. పది సెకన్లకి మూడు చొప్పున లెక్కేస్తే గంటకి కాస్త తక్కువ. రాత్రంతా లెక్కలు కావాలంటే క్యూని నమ్ముకోకుండా కార్డు మీద రాసుకోవాల్సిందే.

అసలు ఉండాల్సిన హార్ట్‌బీట్, అంటే బతికే ఉన్నావా అని జీరోఎంక్యూయే మధ్య మధ్య పలకరించే ఏర్పాటు, లేనే లేదు. డీఫాల్ట్‌గా అది సున్నా, అంటే ఆఫ్. పెట్టెలో ఉన్న లైబ్రరీ 4.3, ఈ సదుపాయం 4.2 నుంచే ఉంది. వాడుకోలేదు, అంతే.

వాళ్ల సర్వర్ లోపల నేను చూడలేదు కాబట్టి ఇంట్లో నా పాత ల్యాప్‌టాప్‌నే సర్వర్ చేసి పెట్టెని దానికి కలిపాను. ప్రోగ్రాం ఆపితే ల్యాప్‌టాప్‌కి వెంటనే తెలిసింది, వరండా డెమోలో లాగే. రెండోసారి ప్రోగ్రాం ఆపకుండా మధ్యలో ఫైర్‌వాల్ పెట్టి ప్యాకెట్లు మింగేయమన్నాను. టీ పెట్టుకుని తాగాను. పావుగంట తర్వాత పెట్టె విసుగెత్తి పాత లైను వదిలేసి కొత్తది కట్టడానికి ప్రయత్నం మొదలుపెట్టింది. ల్యాప్‌టాప్ మాత్రం గంట గడిచినా పాత లైను బతికే ఉందంటోంది, రిసీవ్ (మెసేజ్ అందుకునే ఆజ్ఞ) దగ్గర కదలకుండా కూర్చుంది. రిసీవ్ టైమౌట్ డీఫాల్ట్ మైనస్ ఒకటి, అంటే ఎప్పటికైనా వస్తుందని ఎదురుచూడటమే. మా నాన్న ఫోన్లో ఆకుపచ్చ చుక్క ఇక్కణ్ణుంచే వచ్చి ఉంటుంది. మూడోసారి రెండు వైపులా కనెక్ట్‌కి, బైండ్‌కి ముందు హార్ట్‌బీట్ ఇంటర్వెల్ 5000, టైమౌట్ 15000 పెట్టి మళ్లీ ఫైర్‌వాల్ వేశాను. 20 సెకన్లలోపే లైను పోయిందని చెప్పేసింది. తేడా అంతా రెండేసి లైన్ల కోడ్.

ఇది చూసి తమ ప్రోగ్రాం సరిచేసుకునేవాళ్లకి ఒక మాట: హార్ట్‌బీట్ అంకెలు మిల్లీసెకన్లలో, కీప్‌అలైవ్ ఐడిల్ సెకన్లలో ఇవ్వాలి. నేనే మొదటిసారి హార్ట్‌బీట్‌కి 5 అని ఇచ్చి, సెకనుకి రెండు వందల పింగ్‌లు పోతుంటే ఏంట్రా బాబూ అని తల పట్టుకున్నాను. సర్వర్ వైపు రిసీవ్ టైమౌట్ 30 సెకన్లు పెట్టేస్తే సరిపోతుందని కూడా అనుకోవద్దు. ఒకే సాకెట్‌కి యాభై చెరువులు కట్టి ఉంటే, మీ చెరువు మూగబోయినా మిగతా నలభై తొమ్మిది మాట్లాడుతూనే ఉంటాయి, ఆ టైమౌట్ ఎప్పటికీ రాదు. ఏ చెరువు నుంచి ఆఖరి మాట ఎప్పుడొచ్చిందో విడిగా గడియారం పెట్టుకోవాలి. మా పెట్టె రీస్టార్ట్ నొక్కితే నిమిషాల తరబడి తిరుగుతూ ఉండేది, అది లింగర్ ముట్టుకోకపోవడం వల్ల. డీఫాల్ట్‌గా పంపాల్సింది పంపేదాకా అది తలుపు మూయనివ్వదు.

కొనేవాళ్లకి ఇవేవీ తెలియక్కర్లేదు. అమ్మేవాణ్ణి మీ గట్టు మీదకే పిలవండి. ప్రోగ్రాం ఆపి చూపిస్తానంటే వద్దనండి. పెట్టె నడుస్తుండగా 4జీ యాంటెనా మీరే విప్పేసి సిగ్నల్ పోయేలా చేయండి. ఫోన్లో టైమర్ పెట్టండి. రెండు నిమిషాల్లో మీ ఫోను మోగకపోతే ఆ పెట్టె మీకొద్దు. తెర మీద లెక్క పక్కనే అది ఎన్ని సెకన్ల కిందటిదో కనిపించాలి. తర్వాత అరగంట ఆగి యాంటెనా బిగించి, ఆ అరగంట లెక్కలు గ్రాఫ్‌లోకి వస్తాయో రావో చూడండి. "డేటా రాకపోతే అలారం వస్తుంది" అని బిల్లు మీదే రాయించుకోండి. మేం రాయించుకోలేదు. అందుకే డబ్బు వెనక్కి అడిగితే "పరికరం పనిచేస్తోంది కదా సార్" అన్న జవాబే వచ్చింది. కొత్త వెర్షన్‌లో హార్ట్‌బీట్ ఉందట, అప్‌గ్రేడ్‌కి ఇంకో 6,500 అట.

అప్‌గ్రేడ్ తీసుకోలేదు, నెల చందా ఆపేశాం. పెట్టెలోకి నా ప్రోగ్రాం ఎక్కించి, ఏరియేటర్ల కరెంటు పోతే గట్టు మీదే మోగేలా ఒక సైరన్ కట్టాను. దానికి నెట్ అక్కర్లేదు. వచ్చేవారం చేలో చెరువుకి కూడా ఇదే కడతాను. నాన్న మాత్రం ఒంటిగంటకి, మూడింటికి, అయిదింటికి మళ్లీ లేస్తున్నారు. సైరన్ ఉంది కదా నాన్నా అంటే, "ఉండనీరా, దాని పని అది చేసుకుంటుంది" అన్నారు.