డెవలప్‌మెంట్ చార్జీలంటూ వెంచర్ వాళ్లు నగదు అడిగితే ఇవ్వకండి

ప్లాట్ కొనేవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. నిన్న జరిగిన విషయం, ఇంకా కోపం చల్లారలేదు. ఎక్కడైనా తడబడితే క్షమించండి.

హైదరాబాద్ శివార్లలో వెంచర్, 200 గజాలు, 2019లో కొన్నాం. పంచాయతీ లేఅవుట్, అంటే పంచాయతీ కాగితంతోనే వేసింది, పై అనుమతి లేదు. అప్పుడు అందరూ కొంటున్నారు, మేమూ కొన్నాం. తర్వాత ఆ ఊరు మున్సిపాలిటీలో కలిసింది. అనుమతి లేని లేఅవుట్ కాబట్టి ప్లాట్‌ను క్రమబద్ధం చేయించుకోక తప్పలేదు. 2020లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్ఆర్ఎస్‌కు, అంటే అలాంటి ప్లాట్లను చార్జీలు కట్టించుకుని క్రమబద్ధం చేసే ప్రభుత్వ పథకానికి, దరఖాస్తు పెట్టాం. ఐదేళ్లు చూసి చూసి, 2025 మార్చిలో 25 శాతం రాయితీ ఇస్తామంటే అప్పు చేసి మరీ కట్టేశాం. అన్నీ కలిపి లక్ష దాకా అయింది.

నా గొడవ ఆ లక్ష గురించి కాదు. దానికి ముందే పోయిన ఇంకో లక్ష గురించి.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున, స్టాంపు కాగితాలన్నీ సిద్ధమయ్యాక, ఏజెంట్ నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, గజానికి 500 డెవలప్‌మెంట్ చార్జీలు ఉంటాయి. రోడ్లు, వాన నీళ్ల డ్రైన్, కరెంటు స్తంభాలు, అన్నీ అందులోనే. గవర్నమెంటుకు కూడా మేమే కట్టేస్తం. నువ్వేం టెన్షన్ తీసుకోకు" అన్నాడు. నగదు కావాలన్నాడు. మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు అది. తెల్ల కాగితం మీద నా పేరు, లక్ష రూపాయలు, కింద ఒక గీత లాంటి సంతకం. నేను మడిచి పర్సులో పెట్టుకున్నాను. అక్కడే మోసపోయాను. ఉద్యోగంలో వంద రూపాయల బిల్లుకు కూడా రసీదు అడిగే మనిషిని, ఆ రోజు నోరు మెదపలేదు.

ఈ సంవత్సరం ఇల్లు మొదలుపెడదామని వర్షాల్లో ప్లాట్ చూడటానికి వెళ్లాం. మోకాళ్ల లోతు నీళ్లు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వెళ్తే అప్పటికీ పోలేదు. వెంచర్ మొత్తం మీద పల్లంలో ఉన్నది మా వరసే. రోడ్డు పక్కన డ్రైన్ అని చూపించిన చోట అడుగు లోతు గుంట, అది కూడా మట్టితో పూడిపోయింది. ఒకప్పుడు వాన నీళ్లు వెనక ఉన్న పంట కాలువలోకి పోయేవట. ఆ కాలువను చదును చేసి ప్లాట్లు వేశారని పక్క పొలం పెద్దాయన చెప్పాడు.

మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి మనిషి ఓపిగ్గా ఫైలు తీసి చూపించాడు. ఎల్ఆర్ఎస్‌లో నేను కట్టిన దాంట్లో పెద్ద మొత్తం ఖాళీ స్థలం చార్జీ. లేఅవుట్ వేసినవాళ్లు పార్కుకూ మిగతా అవసరాలకూ 10 శాతం వదలాలి, వదల్లేదు. కాబట్టి రిజిస్ట్రేషన్ నాటి మార్కెట్ విలువలో 14 శాతం ప్లాట్ కొన్నవాడి మీద పడుతుంది. గజం 4,000 లెక్కన మాది ఎనిమిది లక్షలు, అందులో 14 శాతం 1,12,000, రాయితీ పోగా 84,000. "ఇది మీ ప్లాట్‌ను క్రమబద్ధం చేయడానికి సార్. డ్రైన్ వేయాల్సింది లేఅవుట్ యజమాని. మీ వెంచర్ వాళ్లు డ్రైన్ పేరుతో మా దగ్గర ఒక్క రూపాయి కట్టలేదు" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా వెంచర్ ఆఫీసుకు వెళ్లాం. కొనేటప్పుడు గుమ్మం దాకా ఎదురొచ్చి, మా పాపకు చాక్లెట్ ఇచ్చి కూర్చోబెట్టిన మనిషి నిన్న ఫోన్ లోంచి తల ఎత్తలేదు. చీటీ చూపించాను. అటూ ఇటూ తిప్పాడు. "దీని మీద మా కంపెనీ పేరు ఎక్కడుంది? ఆ ఏజెంట్ మానేసి మూడేళ్లయింది" అన్నాడు. మరి డ్రైన్ సంగతేంటి అని అడిగాను. "నాలుగు అడుగులు మట్టి పోయించుకోండి, నీళ్లు వాటంతట అవే పోతయి" అన్నాడు. పక్క ప్లాట్‌లోకి పోతాయి కదా అంటే, "అది వాళ్ల ప్రాబ్లం, మీకెందుకు?" అన్నాడు.

ఆ మాటకు మా ఆవిడ లేచి నిలబడింది. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి కూడా అతను ఫోన్ పక్కన పెట్టలేదు. డబ్బు పోయినదానికంటే నన్ను ఎక్కువగా కాలుస్తున్నది అదే.

నా తప్పూ ఉంది. తూర్పు ముఖమా, ఔటర్ రింగ్ రోడ్డుకు ఎన్ని కిలోమీటర్లు, పక్కన స్కూల్ వస్తుందా, ఇవన్నీ అడిగాను. వాన నీళ్లు ఎటు పోతాయని ఒక్కసారి కూడా అడగలేదు. 2020 అక్టోబర్‌లో కాలనీలు మునిగినప్పుడు టీవీలో చూస్తూ కూర్చున్నాను. అప్పుడైనా వెళ్లి నా ప్లాట్ చూసుకోవాల్సింది.

మీరైనా చూసుకోండి. హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) అనుమతిచ్చిన లేఅవుట్ అయితే రోడ్లు, డ్రైన్లు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు వాళ్ల దగ్గర తనఖాలో ఉంటాయి. డ్రాఫ్ట్ లేఅవుటా, ఫైనల్ అయిందా అడగండి, తనఖా ప్లాట్ల నంబర్లు చూడండి. పంచాయతీ లేఅవుట్‌లో ఆ పట్టు ఎవరి చేతిలోనూ ఉండదు. నాలా (వాన నీళ్లు పోయే కాలువ) పక్క ప్లాట్ అయితే ఆ కాలువ వెడల్పు కొలిపించండి. 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపు అయితే 2 మీటర్లు ఏమీ కట్టకుండా వదలాలి. ఏ చార్జీ అయినా బ్యాంకు ద్వారానే కట్టండి. మున్సిపాలిటీకి కట్టాల్సింది మీ పేరు మీద మీరే కట్టండి. గట్టి వాన పడిన మర్నాడు ఒకసారి ప్లాట్‌లో నిలబడి చూడండి.

మా వెంచర్‌లో కొన్నవాళ్లు ఇది చదువుతుంటే, మీ దగ్గరున్న తెల్ల చీటీలు పారేయకండి. సోమవారం పోలీసు స్టేషన్‌కు వెళ్తున్నాం. ఇప్పటికి పదకొండు చీటీలు దొరికాయి. అన్నింటి మీదా అదే గీత.