ఎమర్జెన్సీకి ఒక స్టార్, తర్వాత వెళ్ళిన క్లినిక్‌కి నాలుగున్నర

రెండు చోట్ల గురించి రాస్తున్నా, చెల్లి ట్రీట్‌మెంట్ ఇంకా నడుస్తోంది కాబట్టి పేర్లు రాయట్లేదు. తనకి 24. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్, అంటే బాధ, కోపం లాంటివి విపరీతంగా వచ్చి అదుపు తప్పే మానసిక జబ్బు అని పోయినేడాది తేల్చారు. అంతకుముందు మా ఇంట్లో దీనికున్న పేర్లు కోపం, మొండితనం, పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది, ఇవే.

మొదటిది హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేట్ హాస్పిటల్ ఎమర్జెన్సీ. రాత్రి పదకొండున్నరకి చేతికి గాయం చేసుకుంటే తీసుకెళ్ళాం. వెంటనే బెడ్ ఇచ్చారు, బీపీ చూశారు, అంతవరకు బానే ఉంది. పాత ఫైల్‌లో ఆ జబ్బు పేరు చూశాక మొహాలు మారిపోయాయి. "ఇవన్నీ అటెన్షన్ కోసమే" అని నర్సు పక్కనావిడతో అంది, కర్టెన్ బయట నిలబడ్డ నాకే వినపడితే లోపల పడుకున్న తనకి వినపడదా? డాక్టర్ గారు మత్తు పూర్తిగా పట్టేదాకా ఆగకుండానే కుట్లు మొదలెట్టారు, నొప్పిగా ఉందండీ అంటే "చేసుకున్నప్పుడు లేని నొప్పి ఇప్పుడెందుకమ్మా" అన్నారు. చెల్లి మళ్ళీ నోరెత్తలేదు, నా చున్నీ గట్టిగా పట్టుకుని అలా పైకి చూస్తూ ఉండిపోయింది. సైకియాట్రీ నుంచి ఎవరూ రాలేదు, పొద్దున ఓపీకి రమ్మని రాసిచ్చారు అంతే. ఆ తర్వాత రెండు నెలలు హాస్పిటల్ అంటేనే రానంది.

నైట్ డ్యూటీలో వాళ్ళకీ ఓపిక ఉండదు, ఒప్పుకుంటా. కానీ ఇది ఆ ఒక్క నర్సుది కాదు. 1988లో లూయిస్, ఆపిల్‌బీ అని ఇద్దరు బ్రిటన్‌లో సైకియాట్రిస్టులకి కేసు వివరాలు రాసిచ్చి అభిప్రాయం అడిగితే, పాత డయాగ్నోసిస్ పర్సనాలిటీ డిజార్డర్ అని ఉన్న కేసునే ఎక్కువ మంది అటెన్షన్ కోసం చేస్తోందని, మాయ చేస్తోందని తీసిపారేశారు. మా ఫైల్ తెరిచినప్పుడు జరిగింది కూడా అదే కదా. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం సెక్షన్ 21 ప్రకారం ఒంటి జబ్బుకి ఎమర్జెన్సీలో ఎలా చూస్తారో మనసు జబ్బుకీ అలానే చూడాలి. యాక్సిడెంట్‌లో చెయ్యి తెగి వచ్చినవాళ్ళని ఆ మాట అంటారా?

రెండోది చిన్న క్లినిక్, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఫీజు 900. మొదటిసారి యాభై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు. మేడమ్ మా చెల్లిని "మీరు" అనే పిలిచింది. తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదు ఉంటేనే ఈ పేరు పెడతామని, ఇది నాటకం కాదని, ఒళ్ళు కాలినవాళ్ళకి చెయ్యి తగిలినా ఎలా మండుతుందో మనసుకి అలా ఉంటుందని అమ్మకి విడిగా చెప్పింది. దీనికి వాడే డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మాటల చికిత్సని తయారుచేసిన మార్షా లైనహాన్, చిన్న వయసులో తనూ ఇలాగే గాయాలు చేసుకుని హాస్పిటల్లో ఉన్నానని 2011లో అందరి ముందు చెప్పిందంట. అది విని చెల్లి "ఆవిడకి కూడానా?" అంది, ఆ రోజు తను అడిగిన మొదటి ప్రశ్న అదే. అలాగని మేడమ్ అన్నింటికీ సరే అనలేదు, రాత్రి ఫోన్లు ఎత్తనని ముందే చెప్పింది, అలాంటప్పుడు మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చెయ్యమంది.

అర స్టార్ ఎందుకు తగ్గించానంటే, వెయిటింగ్ గంటన్నర, పైగా ప్రాక్టీస్ షీట్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, అమ్మ కోసం నేనే కూర్చుని తెలుగులో రాశా.

ఇంకోటి, ఎమర్జెన్సీకి వెళ్ళాల్సొస్తే చూపించడానికి ఒక పేజీ రాసిచ్చారు, ఏ మందులు వాడుతోంది, తనతో ఎలా మాట్లాడాలి, ఏమనకూడదు అని. మొన్న ఉగాది తర్వాత వేరే హాస్పిటల్‌కి వెళ్ళాల్సొచ్చింది, డ్యూటీ డాక్టర్ అది చదివి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, నీ పేరేంటమ్మా అని అడిగాడు. ఇప్పుడు దాని జిరాక్స్ ఒకటి నా బ్యాగ్‌లో, ఒకటి చెల్లి బ్యాగ్‌లో ఉంటోంది.