అంబాసిడర్ హెడ్డు పోర్టింగ్‌కి పొడుగు కాడ కార్బైడ్ బర్‌లు: వాడి చూశాక నా మాట

అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజన్ హెడ్డుని ఇంటి దగ్గరే పోర్టింగ్ (గాలి, పొగ పోయే దారులు అరగదీసి సాఫీ చేయడం) చేసుకుందామనుకునే వాళ్లు ముందు అడిగేది ఏ గ్రైండర్ కొనాలని. నన్నడిగితే ముందు బర్‌లు, అంటే గ్రైండర్‌కి బిగించి లోహాన్ని కోసే పళ్ల ముక్కలు, చూసుకోండి, గ్రైండర్ సంగతి తర్వాత. ఒంగోలులో టూల్స్ దుకాణంలో నేను తీసుకున్నవి రెండు కార్బైడ్ బర్‌లు, రెండూ డబుల్ కట్ (పళ్లు రెండు దిక్కుల్లో అడ్డంగా కోసినవి). కాడ మందం 6 ఎం.ఎం., పొడవు 150 ఎం.ఎం. ఒకదాని తల కోడిగుడ్డు ఆకారం, రెండోది మొన గుండ్రంగా ఉన్న శంకు ఆకారం. జత రెండు వేల చిల్లర అయింది. హెడ్డు మొత్తం పూర్తయ్యాక కూడా పళ్లు వాడిగానే ఉన్నాయి. పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం జరిగింది.

ఇంజన్ గురించి కొంచెం చెప్పకపోతే పొడుగు కాడ ఎందుకో అర్థం కాదు. ఇది 1489 సి.సి. బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి సిరీస్. బ్లాకూ హెడ్డూ రెండూ బీడే (పోత ఇనుము). నాలుగు సిలిండర్లకు ఇన్‌లెట్ పోర్టులు రెండే ఉంటాయి: ఒకటీ రెండూ ఒక పోర్టు పంచుకుంటాయి, మూడూ నాలుగూ ఇంకొకటి. ఎగ్జాస్ట్‌కి మూడు, నడిమి రెండు సిలిండర్లకీ కలిపి ఒకటే. అంటే ఇన్‌లెట్ పోర్టు లోపలికి పోయాక రెండు పాయలుగా చీలుతుంది. ఆ చీలిక దాటి వాల్వు కింది గుంత దాకా వెళ్లాలంటే మామూలు పొట్టి కాడ చాలదు. వాల్వు వైపు నుంచి సగం పని దానితో అవుతుంది. మిగతా సగానికి గ్రైండర్ ముక్కు హెడ్డుకి తగిలి ఆగిపోతుంది.

మా తమ్ముడు ఆన్‌లైన్లో తెప్పించిన పది ముక్కల సెట్టు కూడా పక్కన పెట్టి చూశాం. 3 ఎం.ఎం. కాడలు, ధర చాలా తక్కువ. బీడు మీద ఆనించగానే దడదడ కొట్టుకున్నాయి. ఒకదాని తల అతుకు దగ్గరే ఊడొచ్చింది. చిన్న మూలలు సవరించడానికి తప్ప హెడ్డు పనికి అవి వద్దు.

మంచి బర్ విలువ తెలిసేది వాల్వు సీటు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే చోటు) కింద. అక్కడ సీటు కోసిన కట్టర్ ఆగిన చోట ఒక అంచు మిగిలి ఉంటుంది, దాని కింద నుంచి పోత గరుకు మొదలవుతుంది. వేలితో తడిమితే గోరు పట్టుకుంటుంది. గాలి సాఫీగా మలుపు తిరగాల్సిన చోటు కూడా సరిగ్గా అదే. గుడ్డు బర్‌ని ఆ అంచుకి తేలిగ్గా ఆనించి, ఒక్కచోట ఆపకుండా చుట్టూ తిప్పుకుంటూ పోతే నల్లటి పొడి జలజలా రాలుతుంది. బీడులో గ్రాఫైట్ ఉంటుంది కాబట్టి కిరోసిన్, నూనె ఏమీ అక్కర్లేదు, పొడిగానే కోసుకుపోతుంది. మొదట గరగరమన్న చప్పుడు, అంచు పోయేకొద్దీ సన్నబడి ఒకే శ్రుతిలోకి వస్తుంది. అప్పుడు వేలు పెడితే ఆ అంచు ఎక్కడుండేదో దొరకదు. (ఇదే బర్‌ని అల్యూమినియం హెడ్డు మీద పెట్టకండి, పళ్ల సందుల్లో లోహం ఇరుక్కుని మొద్దుబారిపోతుంది. దానికి సందులు పెద్దగా ఉన్న రకం వేరే దొరుకుతుంది.)

అసలు లాభమంతా ఈ గుంతలోనే. పోర్టు నోరు పెద్దది చేస్తే బండి పరిగెత్తుతుందనుకోవడం తప్పు, గాలి వేగం తగ్గి కింది గేర్లలో లాగుడు చచ్చిపోతుంది. పైగా గోడకి అవతల నీళ్లు తిరిగే ఖాళీ ఉంది, గోడ మందం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. గ్యాస్కెట్ పెట్టి గీత గీసుకుని, మానిఫోల్డుకీ (హెడ్డు పక్కన బిగించే గొట్టాల ముక్క) హెడ్డుకీ మధ్య మెట్టు లేకుండా చేస్తే నోటి దగ్గర పని అయిపోయినట్టే. ఇన్‌లెట్ లోపల అద్దంలా మెరిపించాల్సిన అవసరమూ లేదు. కార్బొరేటర్ బండికి కాస్త గరుకు ఉంటేనే పెట్రోలు గోడకి అంటుకుని పారకుండా గాలిలో కలిసి పోతుంది. ఎగ్జాస్ట్ వైపు మాత్రం ఎంత నున్నగా చేస్తే అంత మంచిది, మసి తొందరగా పట్టదు.

గ్రైండర్ విషయానికొస్తే 400 వాట్లది, నిమిషానికి 25 వేల చుట్లది చాలు. స్పీడు తగ్గించుకునే వీలు మాత్రం తప్పనిసరిగా ఉండాలి. పొడుగు కాడని పూర్తి స్పీడులో ఖాళీగా తిప్పితే కాడ వంగి కొరడాలా కొడుతుంది. ముందు స్పీడు బాగా తగ్గించి, బర్ పోర్టు లోపల పెట్టాకే స్విచ్ నొక్కాలి. కళ్లద్దాలు, మంచి మాస్కు లేకుండా ఈ పనికి కూర్చోవద్దు. ఆ నల్ల పొడి ముక్కులోకి పోతే ఒక పట్టాన వదలదు.

సీట్ల పని నేను ఇంట్లో పెట్టుకోలేదు. లేతు షాపు పెద్దాయన ముందే చెప్పాడు, "సీటు జోలికి మాత్రం పోబాకయ్యా, అది మిషన్ మీద చేసే పని" అని. పోర్టు వైపు నుంచి కోసేటప్పుడు పాత వాల్వు ఒకటి సీట్లో కూర్చోబెట్టి ఉంచాను. ఈ హెడ్డులో సీట్లు బీడులోనే నేరుగా కోసి ఉంటాయి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే, సీట్లని అరగకుండా కాపాడింది ఆ సీసమే కాబట్టి ఇప్పుడు ఎగ్జాస్ట్ సీట్లు అరిగి లోపలికి దిగిపోతుంటాయి. ఎలాగూ హెడ్డు విప్పాం గనుక గట్టి సీటు రింగులు వేయించడం మేలు. ఫేసింగ్ (హెడ్డు ముఖం చదును చేయడం) కూడా అక్కడే చేయించాను. చీమకుర్తి గ్రానైటు పలక మీద ఎమరీ కాగితం పరిచి మానిఫోల్డు ముఖం సరిచేసుకోవచ్చు గానీ, హెడ్డు అడుగు ముఖానికి అది చాలదు.

బిగించాక ప్లగ్గులు విప్పి చూస్తే తెల్లగా కనిపించాయి. గాలి ఎక్కువ పోతోందన్నమాట. పెట్రోలు కాస్త పెంచితే లేత గోధుమ రంగుకి వచ్చాయి. ఆ తర్వాత ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కాను. ఇదివరకు సెకండ్ గేర్‌కి దిగాల్సి వచ్చిన ఎత్తుల్లో చాలావరకు థర్డ్‌లోనే లాగింది, నాకింగ్ (ఇంజన్ లోపల టకటక కొట్టుకోవడం) లేదు. నా బండికి ఇంతకంటే నేను కోరుకున్నది లేదు.

ఈ బర్‌లలో ఒక్క లోటుంది. కాడ పొడుగైనందుకు ఏ కొంచెం వంకర ఉన్నా కొనలో పెద్దగా తెలుస్తుంది. కొనేటప్పుడు దుకాణం వాళ్ల అద్దం బల్ల మీద కాడని దొర్లించి చూడండి. తల ఊగుతుంటే మొహమాటపడకుండా ఇంకొకటి ఇవ్వమనండి.