పదిహేను రోజులు ఇంట్లోనా, నాలుగు రోజులు ఖతార్‌లోనా?

ఇరాక్‌లో ఏడాది డ్యూటీ చేసే అమెరికా సైనికుడికి 2003 సెప్టెంబరు నుంచి మధ్యలో 15 రోజుల సెలవు దొరికేది. రాకపోకల రోజులు అందులో లెక్కకు రావు. కాకపోతే మొదట్లో అది సొంత సెలవుల్లోంచే కోతపడేది.

అప్పట్లో ఖతార్‌లోని అమెరికా సైనిక స్థావరం అస్ సైలియా క్యాంపుకి 4 రోజుల పాస్ మీద వెళ్తే ఆ కోత ఉండేది కాదు. ఇరాక్‌లో ఆ సైనికులకి మందు నిషేధం కదా, ఖతార్‌లో రోజుకి దొరికే 3 బీర్లే పండగ అయ్యేది! పైగా తుపాకీ పక్కన లేకుండా నిద్ర.

ఇంటికెళ్తే సుఖమే, కానీ లేని తుపాకీ కోసం చెయ్యి భుజాన్ని తడుముతూనే ఉండేది. పసిబిడ్డ కొత్త పోయి ఒళ్లోకి వచ్చేసరికి బ్యాగు సర్దుకోవాల్సి వచ్చేది. అయినా పిల్లలుంటే ఇల్లే అంటాను. పెళ్లికానివాడికి ఖతారే మేలు, అక్కడ “మళ్లీ ఎప్పుడొస్తావ్?” అని ఎవరూ అడిగేవారు కాదు.